అమ్మ మిషనుకు మూడో ఇల్లు

మా అమ్మ 2018 డిసెంబరు నెలలో, క్రిస్మస్ పండుగ ఇంకా పదకొండు రోజులుందనగా ప్రభువునందు నిద్రించింది. భూస్థాపన, మూడోనాటి ప్రార్థన కూడిక ముగిశాక అన్నయ్య, నేను, చెల్లి వసారాలో చాప పరుచుకొని ఇంట్లోని సామాను సంగతి మాట్లాడుకున్నాం. మంచాలు, బీరువా, ఇత్తడి బిందెలు, నాన్నగారి పుస్తకాలు అరగంటలో తేలిపోయాయి. తేలనిది ఒక్కటే. కిటికీ పక్కన పాత దుప్పటి కప్పుకొని నిలబడి ఉన్న కుట్టు మిషను.

"దాన్ని నేను హైదరాబాదు తీసుకెళ్తాను. పైన మిషను తీసేసి గాజు పలక వేయిస్తే మంచి బల్ల అవుతుంది. ఇప్పుడందరూ అలాగే చేయించుకుంటున్నారు" అన్నాడు అన్నయ్య.

చెల్లికి కోపం వచ్చింది. "అమ్మ తల వదిలేసి కాళ్లు పట్టుకెళ్తానన్నట్టుంది అన్నయ్యా నీ మాట" అంది.

నాకైతే అది ఎక్కడికీ వెళ్లకూడదని ఉంది. ఆ కిటికీ పక్కనే, ఆ దుప్పటి కిందే ఉండాలని ఉంది. కాని ఇల్లు అద్దెకిచ్చేస్తున్నాం. అద్దెకు వచ్చేవాళ్లు మా జ్ఞాపకాలకు కాపలా కాయరు కదా!

నిజానికి ఆ మిషను మా ఇంట్లో మొదలైనది కాదు. 1962లో, మా ఊరికి ఎనిమిది మైళ్ల దూరంలోని మిషను బంగళాలో ఉండే దొరసానమ్మగారు తమ దేశానికి తిరిగి వెళ్లిపోతూ సామానంతా ఒక్కొక్కటే ఇచ్చేశారు. మన భాషలో కుట్టేదీ మిషనే, సువార్త తెచ్చిందీ మిషనే. చిన్నప్పుడు నాకు ఈ రెండింటికీ తేడా తెలియక, దొరసానులంతా కుట్టు పని కోసమే మన దేశం వచ్చారనుకునేదాన్ని. అది పూర్తిగా తప్పు కూడా కాదేమో. మా గోదావరి జిల్లాల్లో 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు నేర్పిన లేసు అల్లికే తర్వాత నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ పాకింది. అరుగు మీద కూర్చుని దారం, కుక్కీ పట్టుకున్న స్త్రీలను చూడకుండా మా వైపు ఎవరూ పెరగలేదు.

దొరసానమ్మగారు ఆ మిషనును అమ్మకు చేతికిచ్చి పంపేయలేదు. మూడు శనివారాలు బంగళాకు రమ్మన్నారు. మొదటి శనివారం సూదిలో దారమే ఎక్కించనివ్వలేదు. కాగితం మీద పెన్సిలుతో గీతలు గీసి, ఆ గీత తప్పకుండా వట్టి సూదితో కుట్టమన్నారు. రెండో శనివారం మిషను విప్పించి, దుమ్ము తీయించి, ఏ చిల్లులో ఎన్ని చుక్కల నూనె వేయాలో చూపించి మళ్లీ బిగించమన్నారు. మూడో శనివారం గౌను కుట్టించారు. ఇక వెల సంగతి. బోర్డింగు ఆడపిల్లలకు నలభై గౌన్లు కుట్టిపెట్టమన్నారు. గుడ్డ వాళ్లది, అమ్మ కూలే మిషనుకు వెల. నలభై గౌన్లూ అయ్యాక ఎడ్లబండి మీద మిషను మా ఇంటికి వచ్చింది. ఈ కథ అమ్మ మాకు వందసార్లు చెప్పి ఉంటుంది. అందులో ఉన్న సంగతి నాకు అరవై ఏళ్లు దాటాక గాని బోధపడలేదు.

డిసెంబరు వచ్చిందంటే మా ఇంట్లో రాత్రి ఉండేది కాదు. నాన్నగారి ప్రాథమిక పాఠశాల జీతంతో మాకు పండుగ చేయడమే కష్టం, అయినా పల్లెలో ప్రతి పిల్లకూ ఏదో ఒక కొత్త గుడ్డ ఒంటి మీద పడాలని అమ్మ పట్టుదల. లాంతరు వెలుగులో తొక్కుడు పలక చప్పుడు వింటూ మేం నిద్రపోయేవాళ్లం. చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. పల్లెలో ఎవరైనా చనిపోయినా తలుపు తట్టేది మా ఇంటికే. పెట్టె లోపల పరిచే తెల్లగుడ్డకు అంచు కుట్టాలి, తలకింద దిండుకు గలేబు కుట్టాలి. ఆ పనికి అమ్మ ఎవరి దగ్గరా ఒక్క పైసా పుచ్చుకోలేదు. అమ్మ పోయిననాడు పెట్టెలో పరిచింది మాత్రం బజారులో కొన్నది. ఆ సంగతి మా చెల్లి ఇప్పటికీ తలుచుకుని బాధపడుతుంది.

భూస్థాపన ఆరాధనలో పాస్టరుగారు అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం తీశారు. యొప్పేలో తబిత, అంటే దొర్కా, చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను చూపించారు. ఆమె సూదిని ఎవరూ చూపించలేదు. నేనేమో ఆ రోజుల్లో సూదిని పట్టుకొనే వేలాడుతున్నాను.

మేం ఎటూ తేల్చుకోలేకపోతుంటే బేరగాళ్లు తేల్చేలా ఉన్నారు. పాత ఇనుము కొనే అబ్బాయి సైకిలు ఆపి, స్టాండును చేత్తో లేపి చూసి, కిలో లెక్కన ఒక ధర చెప్పాడు. మరో వారానికి పట్నం నుంచి పాత వస్తువుల వ్యాపారి కారులో వచ్చాడు. ఆయనకు కుట్టుతో పనిలేదు. పోత ఇనుములో ఇంగ్లీషు అక్షరాలతో ఉన్న సింగర్ పేరు, మిషను ఒంటి మీది బంగారు రంగు పూలు, ఇవి చెదరకుండా ఉన్నాయా అని మాత్రమే చూశాడు. ఐదు వేలిస్తానన్నాడు. ఆ అక్షరాల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుకుంటూ మేం ముగ్గురం ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకున్నాం. ఐదు వేలకు అమ్మబుద్ధి కాలేదు.

చివరికి చెల్లి మాటే నెగ్గింది. 2019 కోత పండుగనాడు, వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్ల మధ్యన అమ్మ మిషనును గుడి ముందు పెట్టాం. వేలం వేయవద్దనీ, స్త్రీల సమాజం వాడుకకు ఉంచమనీ కోరాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముగ్గురం మిషను పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాం. అమ్మకు తగిన పని చేశామన్న తృప్తితో ఎవరి ఊరికి వాళ్లం వెళ్లిపోయాం.

ఆ తృప్తి సరిగ్గా ఒక సంవత్సరం నిలిచింది.

2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతా మూతపడింది. ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు మాస్కుల చొప్పున పంచాలని నిర్ణయించి, కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించింది. పనులు లేక పస్తులుంటున్న రోజుల్లో ఊరి ఆడవాళ్లకు అది చేతికందిన కూలి. మా పల్లె నుంచి స్త్రీల సమాజం అక్కగారు రాజమండ్రిలో ఉన్న నాకు ఫోన్ చేశారు.

"టీచరుగారూ, అమ్మగారి మిషను బయటికి తీశామండి. చక్రం తిరగట్లేదు. బెల్టు ఎలుకలు కొరికేసినట్టున్నాయి. ఏం చెయ్యమంటారు?"

ఏం చెప్పగలను? కొట్లన్నీ మూసి ఉన్నాయి. మెకానిక్ రాలేడు, నేను వెళ్లలేను. పక్కనున్న కుర్రాడెవరో చక్రం తిరుగుతుందని కొబ్బరినూనె పోశాడట. ఆ నెలల్లో మా పల్లెలో నాలుగు మిషన్ల మీద మాస్కులు కుట్టారు. ఐదోది గుడి వెనక గదిలో ఉండిపోయింది. ఒక మిషను అంటే ఒక ఇంటి కూలి. ఆ సంవత్సరం ఆ కూలి ఒక ఇంటికి రాకపోవడానికి కారణం ఎలుకలు కాదు, మేమే. ఇచ్చేటప్పుడు అది కుడుతోందో లేదో మా ముగ్గురిలో ఒక్కరం కూడా తొక్కి చూడలేదు. కంటిచూపు తగ్గాక అమ్మ దాన్ని ఐదారేళ్లు ముట్టుకోనేలేదు. మేం గుడికి ఇచ్చింది పాడైన మిషను, దాంతోపాటు మా దుఃఖం. ఆ రెండింటినీ దాచుకునే బాధ్యత పాపం సంఘం మీద పడింది.

2022లో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు ఆ గది తాళం తీయించాను. విరిగిన బెంచీలు, క్రిస్మస్ తోరణాలు, పాత పాటల పుస్తకాల కట్టలు, వాటి వెనక మా మిషను. సొరుగులో ఎలుక కాపురం పెట్టి పిల్లల్ని పెంచింది. మా డెల్టా గాలికి ఇనుము తుప్పు పట్టడానికి ఒక వర్షాకాలం చాలు, దీనికి మూడు గడిచాయి.

పట్నంలో పాత బస్టాండు దగ్గర మిషన్లు బాగుచేసే సాయిబుగారు ఒకరున్నారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. ఆటోలో మిషనును ఆయన కొట్టుకు తీసుకెళ్లాం. చక్రం మీద చెయ్యి వేసి, ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి కదిపి, "ఇది చావలేదమ్మా, జిడ్డు పట్టి నిద్రపోతోంది" అన్నారు. యాయీరు ఇంటి మాట ఆయనకు తెలిసి అనలేదు గాని, మా చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పాత మిషన్లు ఎక్కువగా చచ్చిపోయేది అరిగిపోవడం వల్ల కాదని ఆయన చెప్పారు. కొబ్బరినూనె, ఆముదం లాంటి వంట నూనెలు పోస్తే కొన్నాళ్లకు అవి బంకలా గట్టిపడి లోపలి కీళ్లను పట్టేస్తాయి. కుట్టు మిషను నూనె పల్చగా ఉంటుంది, గట్టిపడదు. గట్టిపడిన దానికి మందు కిరసనాయిలు. ప్రతి చిల్లులోనూ చుక్కలు చుక్కలుగా వేసి, రాత్రంతా ఉంచి, మర్నాడు చక్రాన్ని బలవంతం చేయకుండా కొంచెం కొంచెం కదపాలి. వదులయ్యాక మురికంతా తుడిచి మంచి నూనె వేయాలి. సుత్తి పట్టుకున్నారంటే అయిపోయినట్టే. పోత ఇనుము వంగదు, పగులుతుంది. ఇంకొక మాట కూడా చెప్పారు. మెరుపు రావాలని స్పిరిటుతో తుడిస్తే పాత మిషన్ల మీది లక్క పూత కరిగిపోయి, బంగారు పూలు గుడ్డకు అంటుకొని వచ్చేస్తాయట. ఆ తప్పు చేయబోతుండగా అన్నయ్యను ఆపాం. అవును, ఆ రోజు అన్నయ్య కూడా వచ్చాడు. ఎందుకు వచ్చాడో తర్వాత చెబుతాను.

మిషను పలక మీద కుడివైపున చెక్కిన నంబరును సాయిబుగారు గుడ్డతో తుడిచి చూపించారు. 1900 నుంచి సింగర్ వాళ్లు నంబరుకు ముందు ఇంగ్లీషు అక్షరం చేర్చారు. అక్షరం లేకుండా వట్టి అంకెలే ఉంటే అది అంతకంటే పాతదన్నమాట. మాది స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకు ఫ్యాక్టరీ సరుకు. 1880లలో కట్టిన ఆ మహా ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. దాని కోసం వేసిన రైలు స్టేషనుకు మాత్రం ఇప్పటికీ సింగర్ అనే పేరు. ఐజాక్ సింగర్ తన మిషనుకు పేటెంటు పొందింది 1851లో. ఒకేసారి డబ్బు కట్టలేనివారికి వాయిదాల మీద ఇవ్వడం ఆ కంపెనీ 1856లోనే మొదలుపెట్టింది. యంత్రాలంటే అంతగా గిట్టని గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు.

ఈ చరిత్ర కంటే మాకు పనికివచ్చిన సంగతి వేరే ఉంది. మా మిషను సింగర్‌లో 15 నంబరు రకం. 1930లలో కలకత్తాలో మొదలైన మన ఉషా మొదలుకొని లూథియానాలో తయారయ్యే మిషన్ల వరకు చాలా వాటికి నమూనా ఈ రకమే. అందువల్ల దాని గుండ్రటి బాబిన్, బాబిన్ పెట్టె, సూది, రబ్బరు రింగు ఈనాటికీ ఏ చిన్న పట్నంలోనైనా దొరుకుతాయి. పడవ ఆకారపు పొడుగు షటిల్ ఉండే ఇంకా పాత మిషన్లు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, ఆ షటిల్ పోతే మన వైపు మళ్లీ దొరకడం కష్టం. అటువంటి దాన్ని పొట్టకూటికి కుట్టుకునే మనిషికి ఇవ్వడమంటే ఒక రోజు ఆమె పని ఆగిపోయేలా చేయడమే. అలాంటివి గాజు అద్దాల అల్మారాలో ఉంటేనే మేలని నా అభిప్రాయం.

మిషను బాగుపడింది. ఇప్పుడు దాన్ని ఎవరికివ్వాలి? అసలు ఇవ్వడానికి అది మాదా?

సంఘ కమిటీలో ఒక పెద్ద సూటిగా అడిగారు. "దేవునికి ఇచ్చింది వెనక్కి అడుగుతున్నారా అమ్మా?" నాకు ముఖం చెల్లలేదు. ఆయన అడిగిన దాంట్లో తప్పులేదు. పాస్టరుగారే కలుగజేసుకొని, మిషను సంఘానిదిగానే ఉంటుందనీ, వాడుకునే మనిషిని స్త్రీల సమాజం ఎంపిక చేస్తుందనీ, ఆ మనిషి కుట్టడం మానేసిననాడు మరొకరికి ఇస్తారనీ అన్నారు. మినిట్సు పుస్తకంలో అలాగే రాసి సంతకాలు పెట్టారు.

నా మనసులో ఒక వితంతువు ఉంది. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో కూలికి వెళ్తోంది. నేనే వెళ్లి అడిగాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకొని నవ్వేసింది.

"నాకెందుకండి టీచరుగారూ? నాకు సూదిలో దారం ఎక్కించటం రాదు. చేపల చెరువు పనికెళ్తే రోజు గడిచిపోద్ది. వానొస్తే మా ఇంట్లో మేమే తడుస్తాం, దాన్నెక్కడ పెట్టను? ఆ చివరింటమ్మాయి ఉంది చూడండి, పోలియో పిల్ల. చీరలకు ఫాల్సు చేత్తో కుట్టుకుంటోంది. దానికివ్వండి."

"తొక్కుడు మిషను ఆ అమ్మాయికెలాగమ్మా?" అన్నాను.

"అది మీరే ఆలోచించాలి. చదువుకున్నోళ్లు కదా" అంది.

ఆ అమ్మాయికి ఇప్పుడు నలభైకి దగ్గర. మూడో ఏట వచ్చిన పోలియోతో రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. గుమ్మంలో చాప మీద కూర్చుని, పళ్ల మధ్య దారం తెంపుతూ ఫాల్సు కుడుతోంది. నా మాటంతా విని, గోడకు ఆనించి ఉన్న మూడు చక్రాల బండిని చూపించింది. ఎన్నో ఏళ్ల క్రితం ఒక సభలో స్టేజీ మీద ఇచ్చారట. దండ వేసి ఫోటో కూడా తీశారు. ఏడాదికి టైరు పోయింది, తర్వాత గొలుసు పోయింది. ఇప్పుడు దాని మీద కట్టెలు ఆరేస్తున్నారు.

"ఇచ్చేవాళ్లు శానామంది ఉన్నారండి. పాడైతే ఎవరు బాగుచేస్తారండీ?"

ముప్పైనాలుగేళ్లు పిల్లల్ని ప్రశ్నలడిగి జీతం తీసుకున్న నేను ఆ ప్రశ్నకు జవాబు లేక గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

మళ్లీ సాయిబుగారి దగ్గరికే వెళ్లాం. తొక్కుడు మిషనును చేతి మిషనుగా మార్చవచ్చట! మిషను తల స్టాండు బల్లకు రెండు కీలు పిన్నుల మీద ఆని ఉంటుంది. అడుగున రెండు మరలు వదులు చేస్తే తల ఊడి చేతిలోకి వస్తుంది. దానిని చెక్క పీట మీద బిగించి, చక్రం పక్కన చేతి పిడి అమర్చాలి. అయితే ప్రతి పాత మిషనుకూ ఇది కుదరదు. చక్రం వెనకవైపు, మోటారు బిగించేందుకు మర చిల్లు ఉన్న చిన్న దిమ్మ ఒకటి ఉండాలి. బాగా పాత వాటికి అది ఉండదు. చక్రానికి ఆకులు కూడా ఉండాలి, ఎందుకంటే పిడి వేలు ఆకుల మధ్యన దూరి చక్రాన్ని తిప్పుతుంది. మా దానికి దిమ్మ ఉంది, చక్రం మాత్రం పళ్లెంలా మూసుకొని ఉంది. సాయిబుగారు పాత సామాను కుప్పలోంచి ఆకుల చక్రం ఒకటి తీసి వేశారు. కుడి చేత్తో పిడి తిప్పుతూ ఎడమ చేత్తో గుడ్డ నడపాలి. నేల మీద కూర్చునే పని. పోత ఇనుప తల కాబట్టి బరువు మాత్రం తగ్గదు, పది కిలోల పైమాటే. ఒకసారి పెట్టిన చోటు నుంచి కదిలించకుండా ఉండేలా ఇంట్లో వాన పడని మూల చూసుకోవాలి. ఆ అమ్మాయి తమ్ముడు మూలన ఇటుకలు పేర్చి, వాటి మీద బల్లచెక్క వేశాడు.

"ఊరికే అయితే నాకొద్దండి" అంది ఆ అమ్మాయి. స్త్రీల సమాజం అక్కగారు ఆమెతో మాట్లాడి ఒక ఏర్పాటు చేశారు. చేతి పిడికి, చక్రానికి, పీటకు అయిన ఖర్చు ఆమె నెలకు వంద రూపాయల చొప్పున సమాజానికి కట్టాలి. ఆ డబ్బు ప్రత్యేకంగా పెట్టి, మిషనుకు మరమ్మతు వస్తే అందులోంచే వాడాలి. ఆమె ప్రశ్నకు జవాబు అది. అంత చిన్న జవాబు కోత పండుగనాడు మాకెవరికీ తట్టలేదు.

తర్వాత మూడు శనివారాలు నేను బస్సెక్కి వెళ్లాను. మొదటి శనివారం సూదిలో దారం లేకుండా కాగితం మీద కుట్టించాను. నా కుట్టు అంత గొప్పదేం కాదు, అమ్మ ఉంటే నా జాకెట్టు చంకలు చూసి నవ్వేది. రెండో శనివారం ఆ అమ్మాయి నాకంటే తిన్నగా కుట్టింది. మూడో శనివారం బాబిన్ పెట్టె విప్పి, దారం ముక్కలు తీసి, నూనె వేసి తనే బిగించింది. నేను చూస్తూ కూర్చున్నాను.

చదువరులలో చాలామంది ఇళ్లలో ఇలాంటిది ఒకటి అటక మీదో, ధాన్యం గదిలోనో ఉండే ఉంటుంది. సింగర్ కావచ్చు, ఉషా కావచ్చు, మెరిట్ కావచ్చు. దాన్ని ఇవ్వాలనుకుంటే ముందు మీరే ఒక జానెడు గుడ్డ కుట్టి చూడండి. కుట్టు పైనా కిందా ఒకేలా పడుతోందా, చక్రం రెండు వేళ్లతో తిరుగుతోందా చూడండి. సూది చదును వైపు ఏ పక్కకు రావాలో మిషనును బట్టి మారుతుంది, అది తెలియక మంచి మిషనునే పాడైందనుకునేవారు చాలామంది. తోలు బెల్టు, రబ్బరు రింగు కొత్తవి వేయించండి. ఇవి పెద్ద ఖర్చులు కావు. మిషనుతో పాటు నాలుగైదు బాబిన్లు, సూదుల ప్యాకెట్టు, నూనె సీసా, చిన్న మరచుట్టు, కత్తెర ఇవ్వండి. బాగుచేసే మనిషి ఎక్కడుంటాడో చెప్పండి. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ కేంద్రంగా టూల్స్ విత్ ఎ మిషన్ అనే క్రైస్తవ సంస్థ, జనం ఇచ్చిన పాత పనిముట్లను, కుట్టు మిషన్లను స్వచ్ఛంద సేవకుల చేత బాగుచేయించి, వృత్తి వృత్తికీ ఒక పెట్టెగా సర్ది ఆఫ్రికా దేశాలకు పంపుతోంది. మిషను ఒక్కటే పంపి ఊరుకోరు. సముద్రం దాటించేవారికే ఆ జాగ్రత్త ఉంటే, పక్క వీధికి ఇచ్చే మనకు ఎందుకుండకూడదు?

కొత్త మిషనే కొనుక్కోగలిగినవారికి పాతదాన్ని అంటగట్టవద్దు. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పనివారికి పనిముట్ల నిమిత్తం 15,000 రూపాయల వరకు సాయం ఏర్పాటు చేశారు. కరెంటు మిషను మీద పికో, ఓవర్‌లాక్ చేసే అమ్మాయికి మన అమ్మల కాలపు మిషను ఇచ్చి, దానితో ఆమె పోటీపడాలని అనుకోవడం న్యాయం కాదు. కరెంటు లేనిచోట, నేల మీద కూర్చుని మెల్లగా కుట్టేచోట దాని విలువ దానికుంది.

అన్నయ్య సంగతి చెబుతానన్నాను కదా. మరమ్మతు ఖర్చంతా తనే పెట్టుకుంటానన్నాడు. ఎంత మంచి మనసని నేను అనుకుంటుండగానే, సాయిబుగారు తల ఊడదీసి పక్కన పెట్టిన క్షణాన, "మరి స్టాండు ఎవరికీ అక్కర్లేదుగా?" అన్నాడు. చెల్లీ నేనూ ముఖాలు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం. సంఘానికి స్టాండు వెల కట్టి, రసీదు తీసుకొని మరీ హైదరాబాదు పట్టుకెళ్లాడు. ఇప్పుడు అది వాళ్ల ముందు గదిలో గాజు పలక కింద ఉంది. మనవలు సోఫాలో కూర్చుని సెల్లు చూసుకుంటూ తొక్కుడు పలకను ఊరికే తొక్కుతుంటారట. ఆ చప్పుడు వింటే తనకు నిద్ర వస్తోందని అన్నయ్య ఫోనులో చెప్పాడు. నేను ఇక వాడిని ఏమీ అనలేదు.

పోయిన డిసెంబరులో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు నా ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"టీచరుగారూ, పడుకున్నారా అండి? సూది విరిగిపోయింది. ఉన్నవి రెండూ అయిపోయాయండి. సండేస్కూలు పిల్లల గౌన్లు ఇంకా ఆరున్నాయి."

"ఎన్నో నంబరు సూది?"

"పదహారండి."

మర్నాడు పొద్దున్నే బజారుకెళ్లి పదహారు నంబరు సూదులు రెండు ప్యాకెట్లు కొని, మొదటి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాను.